మంచు మీద దారి ఎవరిది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. కిందటి చలికాలం అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. వాళ్ల ఇంటి వెనక ఒక పాడిరైతు గడ్డిభూమి ఉంది. సాయంత్రాలు ఎనిమిది, పది స్నోమొబైళ్లు (మంచు మీద నడిచే మోటారు బండ్లు) వరసగా ఆ భూమి అంచు వెంట వెళ్లేవి. రైతు అడ్డు చెప్పకపోగా చేయి ఊపేవాడు. అది క్లబ్బు దారి అని మా అల్లుడు చెప్పాడు. పరాయివాడి భూమిలో క్లబ్బు దారి ఏమిటి? ఈ క్లబ్బులు ఎవరు, ఎందుకు పెట్టారు? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: బండ్లబాట కోసం రెండు తరాలు కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలు మన ఊళ్లలో కొదవలేదు కనుక, ఆ రైతు చేయి ఊపడం మీకు వింతగా తోచి ఉంటుంది. నిజానికి అక్కడి క్లబ్బులు పుట్టిందీ నిలిచిందీ ఆ మర్యాదను సంపాదించుకోవడానికేనని మా అభిప్రాయం.

1950ల దాకా మంచు మీద మోటారుతో నడిచే బండి ఎక్కువగా పనిముట్టే. వైద్యుణ్ణి రోగి ఇంటికీ, టపాను ఊరికీ, మనుషులను అడవి పనులకూ చేర్చడానికి వాడేవారు. 1959లో కెనడాలోని క్విబెక్ నుంచి స్కీ-డూ అనే చిన్న బండి వచ్చాక, ఒకరో ఇద్దరో కూర్చుని సరదాకు నడుపుకొనే వీలు కలిగింది. చలికాలమంతా పొయ్యి పక్కన ముడుచుకుని గడిపే పల్లెలకు అది ఎంత పెద్ద విడుదలో మనం ఊహించుకోవలసిందే.

ఆ తొలి బండ్లు మొండివి. బెల్టు తెగేది, టూ స్ట్రోక్ ఇంజన్లు వచ్చాక పెట్రోలులో ఆయిల్ పాలు ఎక్కువైతే ప్లగ్గుకు మసి పట్టి బండి ఆగిపోయేది. పాత స్కూటరును పక్కకు వంచి స్టార్టు చేసిన తరానికి ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు. అయితే స్కూటరును తోసుకుంటూ ఇల్లు చేరవచ్చు; నడుము లోతు మంచులో, చీకటి పడుతుండగా, అడవి నడుమ ఆగిన బండిని ఒక్కడు కదిలించలేడు. అందువల్ల నలుగురు కలిసి బయలుదేరడం, ఒకరి దగ్గర బెల్టు, మరొకరి దగ్గర తాడు ఉండేటట్టు చూసుకోవడం అలవాటైంది. క్లబ్బుకు విత్తనం అక్కడ పడింది.

అది మొలకెత్తింది మాత్రం తగవుల వల్ల. మంచు కప్పేశాక గట్టు కనిపించదు, కంచె తల మాత్రమే కనిపిస్తుంది. ఎటు తోస్తే అటు పోయేవాళ్లు రైతుల గేట్లు తెరిచి వదిలేశారు, లేత మొక్కలు విరిచారు, అర్ధరాత్రి మోత పెట్టారు. బరువైన బండ్లు పదే పదే తొక్కితే మంచు గడ్డకట్టి అడుగున ఉన్న మేత పంట చనిపోతుందని రైతుల భయం. విసిగిన భూయజమానులు ప్రవేశం లేదంటూ బోర్డులు కట్టడం మొదలుపెట్టేసరికి, బండి ఉన్నా దారి లేని పరిస్థితి వచ్చింది. అప్పుడు ఊళ్లోని నలుగురూ ఒక జట్టుగా ఏర్పడి, ఇంటింటికీ వెళ్లి అనుమతి అడిగి, ‘ఈ అంచు వెంట తప్ప మరోవైపు రాము, కంచె పాడైతే మేమే బాగుచేస్తాం’ అని మాట ఇచ్చే పద్ధతికి వచ్చారు. ఇటువంటి ఊరి క్లబ్బులకు రాష్ట్రస్థాయి సమాఖ్యగా 1967లో వెర్మాంట్ అసోసియేషన్ ఆఫ్ స్నో ట్రావెలర్స్, అంటే వాస్ట్, ఏర్పడింది. ఇప్పుడు దాని కింద వందకు పైగా క్లబ్బులు, సుమారు 7,500 కిలోమీటర్ల దారులు ఉన్నాయి. వాటిలో దాదాపు 80 శాతం ప్రైవేటు భూముల మీదుగా పోయేవే.

ఇందులో చట్టం పాత్ర కొంత ఉంది. రుసుము తీసుకోకుండా తన భూమి మీదుగా పోనిచ్చిన యజమానికి, అక్కడ జరిగే ప్రమాదాల బాధ్యత మామూలుగా చుట్టుకోకుండా వెర్మాంట్ చట్టం రక్షణ ఇస్తుంది. అయినా అనుమతి అనుమతే, హక్కు కాదు. యజమాని మనసు మార్చుకున్న రోజున క్లబ్బు తన బోర్డులు పీక్కుని మరో దారి వెతుక్కోవలసిందే.

డబ్బు సంగతి మీరు అడగలేదు గానీ, అది చెప్పకపోతే కథలో రుచి తగ్గుతుంది. సభ్యుల చందాలు చాలక క్లబ్బులు ఆదివారం పొద్దున పాన్‌కేకుల ఫలహారాలు పెట్టి టికెట్లు అమ్మేవి. దారిలో అయిదు మజిలీలు పెట్టి, ఒక్కో చోట ఒక్కో పేక ముక్క తీయించి, చివరకు ఎవరి చేతిలో మంచి ముక్కలు పడితే వారికి బహుమతి ఇచ్చే పోకర్ రన్ కూడా అటువంటిదే. వేగంగా నడిపినందువల్ల అందులో లాభమేమీ లేదు. ఆ పందెంలో మాకు నచ్చిన గుణం అదే.

ప్రశ్న: మంచు మెత్తగానే ఉంటుంది కదా, దానిమీద దారిని చదును చేయడం ఎందుకు? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మెత్తగా ఉండటమే చిక్కు. బండి కింద తిరిగే పట్టా మంచును కాస్త తవ్వి వెనక్కు తోస్తుంది. అక్కడ చిన్న గుంట, దాని వెనక చిన్న మిట్ట ఏర్పడతాయి. తర్వాతి బండి అదే మిట్ట మీద ఎగిరి అదే గుంటలో పడి దాన్ని ఇంకా లోతు చేస్తుంది. యాభై బండ్లు పోయేసరికి కంకర రోడ్డు మీద ఎడ్లబండి ప్రయాణమే.

దీనికి తొలినాటి క్లబ్బులు కనిపెట్టిన ఉపాయం పాత ఇనుప స్ప్రింగుల మంచం. పరుపు తీసేసిన ఆ చట్రాన్ని స్నోమొబైల్ వెనక గొలుసుతో కట్టి, మీద ఏదైనా బరువు పెట్టి లాగేవారు; స్ప్రింగులు మిట్టలను గీరి గుంటల్లోకి నెట్టేవి. దమ్ము చేసిన మడిలో బల్ల కట్టి చదును చేయడం మీరు చూసే ఉంటారు, ఇదీ అంతే. ఆ పనిని రాత్రిపూట చేయడానికి కారణం ఉంది: నలిగిన మంచు రేణువులు చలికి ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది, అంతవరకు దాని మీద బండి ఎక్కకూడదు. ఇప్పుడు మంచాల స్థానంలో పెద్ద ట్రాక్టర్లు వచ్చాయి. రాత్రి పని మాత్రం చాలాచోట్ల స్వచ్ఛంద సేవకులదే.

ప్రశ్న: స్నోమొబైల్‌ను మొదట చేసినవారు ఎవరు? (విశాఖపట్నం)

జవాబు: ఒక్క పేరు చెబితే మిగతావారి పక్షాన ఉత్తరాలు వస్తాయి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని సేనర్ వాసి కార్ల్ ఎలియాసన్ 1924లో మోటారు అమర్చిన టొబాగన్ (మంచు మీద జారే చెక్క బల్లబండి) నిర్మించి, 1927లో పేటెంటు పొందాడు. క్విబెక్‌లో జోసెఫ్-అర్మాండ్ బొంబార్డియర్ 1934లో, మంచు మూసిన దారుల వల్ల ఆసుపత్రికి చేర్చలేక చిన్న కొడుకును పోగొట్టుకున్నాడు. పాతికేళ్లకు స్కీ-డూను అమ్మకానికి తెచ్చింది ఆయన సంస్థే. మినసోటాలోని రోసోలో 1950ల మధ్యలో పొలారిస్ సంస్థ తొలి బండి 465 డాలర్లకు అమ్ముడైంది.

ప్రశ్న: వెర్మాంట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. స్నేహితుడి బండి మీద ఈ దారుల్లో తిరగాలంటే ఏం చేయాలి? (బర్లింగ్టన్ నుంచి ఒక యువకుడు)

జవాబు: ముందు ఏదో ఒక ఊరి క్లబ్బులో చేరండి. వాస్ట్ సభ్యత్వమూ, దారుల నిర్వహణ రుసుమూ చెల్లించకుండా ఆ దారుల్లో బండి నడపకూడదు. బండికి రిజిస్ట్రేషనూ బీమా ఉండాలి. మీరు 1983 జూలై 1 తర్వాత పుట్టినవారైతే భద్రతా శిక్షణ కూడా పూర్తిచేయాలి. దారులు డిసెంబరు 16న తెరుచుకుని, మంచు ఉన్నా లేకున్నా ఏప్రిల్ 15న మూతపడతాయి. అయితే మీరు డిసెంబరు దాకా ఆగవద్దు. ఆకు రాలే కాలంలో సభ్యులు రంపాలు పట్టుకుని దారుల మీద పడిన చెట్లు తొలగించే రోజులు ఉంటాయి. ఆ పనికి వెళితే దారి ఎవరెవరి భూమి గుండా పోతున్నదో మీకు నడిచే తెలుస్తుంది.