నడుమ వంగిన గోడ అర

ప్రశ్న: పడకగది మూలలో కూర్చుని ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. బల్ల పైన బిగించిన నాలుగడుగుల అర, ఫైళ్లు సర్దిన ఆరు నెలలకే నడుమ వంగిపోయింది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: అర వంగడానికి ముఖ్య కారణం ఆధారాల మధ్య దూరం. ఆ దూరం రెట్టింపైతే, అదే మందం గల చెక్క, అడుగుకు అంతే బరువు మోస్తూ, పదహారు రెట్లు వంగుతుంది. కాబట్టి నడుమ మరొక బ్రాకెట్ వేయించి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వాడండి. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు చవకే గానీ పుస్తకాల బరువుకు ఆగదు. 500 ఏ4 కాగితాల కట్ట ఒక్కటే దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది కనుక అటువంటివి కింది అరలోనే పెట్టండి. నిలబెట్టే ఫైళ్లకు 35 సెంటీమీటర్ల ఎత్తు వదలండి. రోజూ తీసేవి కూర్చున్నచోటికే అందాలి. ఏడాదికోసారి చూసే పన్ను కాగితాలను పై అరకు ఎక్కించవచ్చు. అటక మీదికి మాత్రం వద్దు, అక్కడికి చేరినవి మన ఇళ్లలో మళ్లీ దిగిరావడం అరుదు.