స్క్రిప్టు నడిపే ముందు ఒక మాట

బిడ్డా,

మహబూబ్‌నగర్ స్టడీ హాల్‌లో కంప్యూటర్లన్నీ ఇప్పుడు నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అప్పటికప్పుడు పక్కింటివాళ్లకు కూడా చెప్పేశాను, ఏమనుకోకు. ఆ వెంటనే ఇంకో సంగతి చెప్పింది. డిస్కులు నిండిపోయాయని, శనివారం రాత్రి జడ్చర్లలో ఇంట్లో కూర్చొని ఒకే స్క్రిప్టుతో అన్ని సిస్టమ్‌లనూ శుభ్రం చేసేస్తావని. అందులో లైనక్స్‌లో ప్రోగ్రామ్‌లు వేసే, తీసే ‘ఆప్ట్’కు ఇచ్చే కమాండ్ ఒకటి, ‘ఆప్ట్ ఆటోరిమూవ్ మైనస్ వై’ అని ఉందట. ఆమెకు అదేంటో తెలియదు, నువ్వన్నది అన్నట్టు నాకు అప్పజెప్పింది. నాకు తెలుసు కాబట్టే ఈ లేఖ.

బ్యాకప్ తీసుకో. ఏది నిండిందో డీఎఫ్, డీయూ కమాండ్లతో చూసుకో. ఇవి నీకు నేను చెప్పాలా?

చెప్పాల్సింది వేరే ఉంది. ఆటోరిమూవ్ పనికిరాని ప్యాకేజీలను, అంటే ఆప్ట్ వేసే ప్రోగ్రామ్‌ల మూటలను, తీసేస్తుందని అందరూ అనుకుంటారు. ఏది పనికొస్తుందో, ఎవరు వాడుతున్నారో దానికేం తెలుసు? దాని దగ్గర ఉన్నది ఒక చిట్టా మాత్రమే. వార్‌లో లిబ్, అందులో ఆప్ట్ డైరెక్టరీ కింద ‘ఎక్స్‌టెండెడ్ స్టేట్స్’ అనే ఫైల్. నువ్వు పేరు పెట్టి అడిగినవి మాన్యువల్, వాటి వెంట వచ్చినవి ఆటో. ఆటోగా వచ్చినదాన్ని ఇప్పుడు ఏ ప్యాకేజీ కోరకపోతే దానికి చెల్లుచీటీ. ఇక ‘మైనస్ వై’ అంటే అడగకముందే ‘అవును’ అనడం, ఆ చీటీ చదవకుండా సంతకం పెట్టడమే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు సంగతి చెబుతాను. నేనింకా నల్గొండలో కాలేజీ ల్యాబ్ చూసుకుంటున్న రోజులు. యాసంగి వడ్లు వచ్చే సమయం. మిల్లు గేటు బయట రోడ్డు పొడుగునా లారీలు, ట్రాక్టర్లు. కాంటా దగ్గర కంప్యూటర్ బరువు చూపించడం లేదని ఫోన్ వచ్చింది. మొదట కాంటానే చెడిపోయిందనుకున్నారు. కానీ కాంటా మీది డబ్బాలో అంకె బాగానే కనబడుతోంది, కంప్యూటర్‌లోనే కాంటా ప్రోగ్రామ్ తెరుచుకోవడం లేదు. ముందురోజు సాయంత్రం ఒక పిల్లాడు వచ్చి సిస్టమ్ క్లీన్ చేసి పోయాడట. నేను వెళ్లేసరికి వాణ్ణి పిలిపించి గుమస్తా గదిలో కూర్చోబెట్టారు. అందరూ తలో మాట అంటున్నారు. రైతులైతే ఎండలో నిలబడి ఉన్నారు, వాళ్లను ఏమనగలం?

వాడు పెద్ద తప్పేమీ చేయలేదు. ఆ కంప్యూటర్‌లో స్టెల్లారియం ఉంది. ఆకాశంలో నక్షత్రాలు చూపించే ప్రోగ్రామ్. యజమాని కొడుకు ఎప్పుడో పెట్టుకున్నాడు. మిల్లులో నక్షత్రాలెందుకని వీడు దాన్ని తీసేశాడు, ఆ మీద ఆటోరిమూవ్ నడిపాడు. స్టెల్లారియం టెలిస్కోపులతో సీరియల్ పోర్టు మీద, అంటే వైరు తగిలించే ఒక పాతరకం పోర్టు మీద మాట్లాడగలదు, అందుకని వచ్చేటప్పుడు క్యూటీ5 సీరియల్‌పోర్ట్ అనే లైబ్రరీని (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడుకునే కోడ్) వెంట తెచ్చుకుంది. కాంటా కూడా సీరియల్ పోర్టు మీదే బరువు పంపుతుంది. ఆ ప్రోగ్రామ్ రాసినతను దాన్ని ప్యాకేజీగా కట్టలేదు, ఫైళ్లు తెచ్చి ఆప్ట్‌కు తెలియని డైరెక్టరీలో పెట్టి పోయాడు. కావలసిన లైబ్రరీ ఎలాగూ అక్కడే ఉంది కాబట్టి పని నడిచింది. నక్షత్రాల పుణ్యాన వడ్లు తూగుతున్నాయని ఎవరికీ తెలియదు! స్టెల్లారియం పోగానే ఆ లైబ్రరీని అడిగే ప్యాకేజీ లేకుండా పోయింది, ఆటోరిమూవ్ దాన్నీ ఊడ్చేసింది.

కనిపెట్టడం ఎంతసేపు. ప్రోగ్రామ్‌కు ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ కమాండ్ కొడితే ఒక లైబ్రరీ పక్కన ‘నాట్ ఫౌండ్’ అని వచ్చింది. వార్, లాగ్, ఆప్ట్ కింద హిస్టరీ లాగ్ తెరిస్తే ముందురోజు సాయంత్రం ఏ కమాండ్ కొట్టారో, ఏవేవి పోయాయో వరుసగా రాసి ఉంది. గుమస్తా ఫోన్‌లో నెట్ తీసుకుని ఆ ఒక్క ప్యాకేజీ మళ్లీ వేశాం. పేరు పెట్టి వేశాం కనుక అది మాన్యువల్ అయింది, ఇక ఆటోరిమూవ్ దాని జోలికి రాదు. లారీలు కదిలాయి. ఆ పిల్లాడికి మాత్రం ఆ రోజు డబ్బులు ఇవ్వలేదు. నాకు ఇప్పటికీ కోపమే. ప్యాకేజీ కట్టకుండా పోయినవాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదు, దొరికినవాణ్ణి అన్నారు. రేపు నిన్నూ అలాగే అంటారు. నా భయం మెషీన్ల గురించి కాదు.

కాబట్టి ముందు ఆ హాల్‌లో ఒకసారి తిరుగు. బయటి నుంచి తెచ్చి పెట్టిన ప్రోగ్రామ్‌లు ఏమున్నాయో అడుగు. హాజరు మెషీన్‌దో, ఫీజులదో, ప్రింటర్‌దో ఏదో ఒకటి ఉంటుంది. ఒక్కోదాని మీద ఎల్‌డీడీ కొట్టి, దానికి కావలసిన లైబ్రరీల ప్యాకేజీలను ‘ఆప్ట్-మార్క్ మాన్యువల్’ చెయ్యి. ఓపిక ఉంటే ఈక్వివ్స్ అనే సాధనంతో ఒక ఉత్త ప్యాకేజీ కట్టి, కావలసినవన్నీ అందులో రాయి. అది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకు ఉంచామో తర్వాత వచ్చేవాళ్లకు తెలుస్తుంది.

తెలుగు సంగతి మరిచిపోకు. పిల్లలు తెలుగులో చదువుకుంటున్నారు, టైప్ చేస్తున్నారు. తెలుగు అక్షరాల ప్యాకేజీ ఫాంట్స్-తెలు, టైపింగ్ ప్యాకేజీ ఐబస్-ఎం17ఎన్ వేరేవాటి వెంట వచ్చి ఉంటే అవీ ఆటోలోనే ఉంటాయి. అవి పోతే తెల్లారి అక్షరాల చోట డబ్బాలు కనిపించవచ్చు.

దీనికి తిరగబడిన వింత కూడా చూస్తావు. ఏదో పెద్ద ప్యాకేజీ తీసేస్తావు, దాని వెంట వచ్చినవి మాత్రం కదలవు. ఆప్ట్ చెడిపోయిందనుకోకు. ఇంకో ప్యాకేజీ వాటిని రికమెండ్ చేసినా, ఉత్త సజెస్ట్ చేసినా సరే, మామూలు సెట్టింగుల్లో ఆటోరిమూవ్ వాటిని ముట్టదు. ‘ఆప్టిట్యూడ్ వై’ అని (ఇక్కడ వై అంటే ‘ఎందుకు’) అడిగితే ఎవరు పట్టుకుని ఉన్నారో చెబుతుంది. ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలను నిజంగా వేసే డీపీకేజీ లిస్టులో ‘ఆర్‌సీ’ అని కనబడేవి ప్రోగ్రామ్ పోయి కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలినవి. వాటితో పెద్దగా జాగా రాదు, వాటి మీద పడకు.

బూట్ పార్టిషన్ నిండితే చేత్తో ఫైళ్లు డిలీట్ చెయ్యకు. అక్కడుండే కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ) ఇంకా ఉందనే డీపీకేజీ అనుకుంటుంది, తర్వాత అప్‌డేట్‌లో గొడవ మొదలవుతుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్‌ను, కొత్తదాన్ని ఆటోరిమూవ్ ఉంచేస్తుంది. అక్కడ మాత్రం దాన్ని నమ్మొచ్చు.

‘ఆప్ట్ క్లీన్’ను స్క్రిప్టులో మొదట పెట్టావేమో చూసుకో. అది డౌన్‌లోడ్ అయిన డెబ్ ఫైళ్లను, అంటే ప్యాకేజీల ఫైళ్లను, తుడిచేస్తుంది. నెట్ పోయిన రోజు ఆదుకునేవి అవే. ఆప్ట్-గెట్‌తో వేసినవే అక్కడ మిగులుతాయి, ఉత్త ‘ఆప్ట్’ ఇన్‌స్టాల్ కాగానే తనే తీసేస్తుంది. అందుకే ఉన్న కాసిన్నిటిని చివరిదాకా ఉంచు. అన్ని సిస్టమ్‌లూ రీబూట్ చేసి, ఒక పూట పిల్లలు వాడాక అప్పుడు క్లీన్ చెయ్యి.

ఇక రాత్రిపూట ఇంటి నుంచి వద్దు. తీసే లిస్టులో నెట్‌వర్క్ మేనేజర్ ఉందనుకో, ఎస్‌ఎస్‌హెచ్, అంటే ఇంటి నుంచి ఆ మెషీన్‌కు ఉన్న లింకు తెగుతుంది, మళ్లీ నువ్వు జడ్చర్ల నుంచి బస్సెక్కాలి. పైగా కరెంటు. నాకు ఆ భయం ఎప్పటికీ పోదు. డీపీకేజీ పని మధ్యలో కరెంటు పోతే ప్యాకేజీలు సగంలో ఆగిపోతాయి. ‘డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ’తో చాలాసార్లు సర్దుకుంటుందిలే, కానీ యూపీఎస్ లేని మెషీన్‌ను ముట్టుకోకు. పొద్దున అన్నం తినిపో. అక్కడికి పోయాక తింటానంటావు, తినవు.

ముందు ఒక్క మెషీన్ మీద ‘ఆప్ట్-గెట్ మైనస్ ఎస్ ఆటోరిమూవ్’ కొట్టు. ఏదీ తీయదు, తీసేవాటి పేర్లు మాత్రం చెబుతుంది. ఆ లిస్టు నాకు వాట్సాప్‌లో పెట్టు. స్క్రీన్ ఫోటో తీసి కాదు, టెక్స్ట్ ఫైల్ పంపు. ఆ ఫోటోల్లో నాకు ఒక్క అక్షరం కనబడదు.

మీ పెద్దమ్మ