రిపోర్టులో ‘చీలిన నరం’ అని రాశారు, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టరుగారూ, నాకు 46 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కొన్ని నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రి మరీ ఎక్కువ, లేచి చెయ్యి విదిలిస్తే గానీ తగ్గదు. మణికట్టుకి అల్ట్రాసౌండ్ తీస్తే ‘బైఫిడ్ మీడియన్ నర్వ్ విత్ పర్సిస్టెంట్ మీడియన్ ఆర్టరీ’ అని రాశారు. నరం చీలిపోయి మధ్యలో కొత్త రక్తనాళం పెరిగిందని మా అబ్బాయి నెట్‌లో చూసి చెప్పాడు. మిషన్ కుట్టడం వల్లే ఇలా అయిందా? ఆ రక్తనాళాన్ని తీసేయించుకోవాలా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టండమ్మా. మీ నరం తెగలేదు, ఏ రక్తనాళమూ కొత్తగా పెరగలేదు. ‘బైఫిడ్ మీడియన్ నర్వ్’ అంటే బొటనవేలి వైపు వేళ్లకి వెళ్లే మీడియన్ నరం రెండు పాయలుగా ఉందని, ‘పర్సిస్టెంట్ మీడియన్ ఆర్టరీ’ అంటే దాని పక్కనుండే మీడియన్ ధమని పోకుండా మిగిలిపోయిందని అర్థం. ఆ రెండూ మీరు పుట్టినప్పటి నుంచీ మీ చేతిలో ఉన్నవే, ఇన్నాళ్లూ ఎవరూ లోపలికి చూడలేదు కాబట్టి తెలియలేదు, అంతే.

తల్లి కడుపులో ఉన్నప్పుడు మొదట్లో మన అరచేతికి రక్తం అందించేది ఈ మీడియన్ ధమనే. సుమారు 8 వారాలకి రేడియల్, అల్నార్ అనే రెండు పెద్ద ధమనులు ఆ పని అందుకుంటాయి, దాంతో ఇది కుంచించుకుపోతుంది. కొందరిలో మాత్రం పోకుండా ఉండిపోతుంది. ఇదేమీ అంత అరుదు కాదు: ఆస్ట్రేలియా పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం 1880ల మధ్యలో పుట్టినవారిలో సుమారు 10 శాతం మందికి ఉంటే, 20వ శతాబ్దం చివరికొచ్చేసరికి అది 30 శాతం దాకా పెరిగింది. ఈ ధమని ఉన్నవాళ్లలో మీడియన్ నరం కూడా రెండు పాయలుగా ఉండటం తరచుగా కనిపిస్తుంది.

స్కానింగ్ తెరమీద మణికట్టుని అడ్డంగా చూస్తే నరం తేనెపట్టులా చిన్న చిన్న నల్లచుక్కలతో కనిపిస్తుంది. మీ విషయంలో అలాంటివి రెండు పక్కపక్కన, వాటి మధ్య కొట్టుకుంటున్న చుక్క ఒకటి కనిపించి ఉంటాయి. కలర్ డాప్లర్ పెడితే ఆ చుక్క రంగులో వెలుగుతుంది, అంటే రక్తం పారుతోందన్నమాట. మీ రిపోర్టులో ఈ ముక్క ఉందో లేదో చూడండి, లేకపోతే తీసినవాళ్లనే అడగండి. ఇంకొకటి కూడా అడగాలి. నరం వాచిందా లేదా అన్నది దాని వైశాల్యం కొలిచి చెబుతారు, మామూలుగా 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానిస్తారు. రెండు పాయలున్నప్పుడు రెండింటినీ కొలిచి కలపాలి. ఒక్కదాన్నే కొలిచి ‘నార్మల్’ అని రాసేస్తే అసలు జబ్బే తప్పిపోతుంది.

అసలు జబ్బు అంటున్నానంటే, మీరు చెప్పిన లక్షణాలు కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కి, అంటే మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నొక్కుకుపోవడానికి, అచ్చంగా సరిపోతున్నాయి. మణికట్టు దగ్గర ఆ ఇరుకు దారిలో 9 టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు ఈ నరం వెళ్లాలి, పైగా మీకు అదనంగా ఒక ధమని. చోటు కొంచెం తక్కువే, కానీ ఇలా ఉండి జీవితంలో ఒక్కసారి కూడా తిమ్మిరి రానివాళ్లు బోలెడుమంది. కాబట్టి వైద్యం తిమ్మిరికి చేయించుకోండి, రిపోర్టులోని పేర్లకి కాదు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోండి. మిషన్ వల్ల నరం చీలదు గానీ, గంటలకొద్దీ మణికట్టు వంచి కత్తెర పట్టుకుంటే తిమ్మిరి పెరగొచ్చు, మధ్యమధ్యలో ఆపండి. చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతుంటే చెప్పండి, దానికి వెళ్లేది వేరే నరం.

ధమనిని ఊరికే తీయరు, కొందరిలో వేళ్లకి రక్తం దాన్నుంచే వెళ్తుంది. ఇంజెక్షన్ గానీ ఆపరేషన్ గానీ అవసరమైతే మాత్రం ఈ రిపోర్టు తప్పకుండా ఆ డాక్టరు చేతిలో పెట్టండి, సూది ఎక్కడ దించాలో, కోత ఎక్కడ జాగ్రత్తగా పెట్టాలో అది చెబుతుంది. ఇంట్లో ఎక్కడో బీరువా అడుగున పడేస్తే లాభం లేదు. బొటనవేలి మొదట్లో కండ కరుగుతున్నా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకండి. ఉన్నట్టుండి మణికట్టు విపరీతంగా నొప్పెట్టి వేళ్లు తెల్లబడి చల్లబడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. అరుదే గానీ, ఈ ధమనిలో గడ్డ కట్టొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి చేతి నుంచి యాంజియోగ్రామ్ మొదలుపెట్టి, కుదరక తొడ నుంచి చేశారు. ‘రేడియల్ ఆర్టరీ హై ఆరిజిన్, లూప్’ అని రాశారు. చేతికి ప్రమాదమా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కాదు బాబూ. రేడియల్ ధమని చాలామందిలో మోచేతి దగ్గర మొదలవుతుంది, మీ నాన్నగారికి ఇంకా పైనుంచి వస్తోంది, దారిలో ఒక మెలిక కూడా ఉంది. అలాంటి చోట వైరు ముందుకి పోదు, బలవంతం చేస్తే ధమని బిగుసుకుపోతుంది, అందుకే తొడకి మారారు. మంచి పనే చేశారు. రెండో చేతిలో ఇలాగే ఉండాలని లేదు, కాబట్టి మళ్లీ అవసరమైతే అటువైపు ప్రయత్నించొచ్చు. ఏ చేతిలో ఈ తేడా ఉందో ఫైలు అట్టమీదే పెద్దగా రాసిపెట్టండి.