పిప్ అప్పీలు విచారణకు సాక్ష్యాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

(పిప్ అంటే దీర్ఘకాలిక జబ్బు లేదా వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే భృతి. ఈ జవాబులు ఇంగ్లండ్, వేల్స్‌లో ఉండేవారికి. స్కాట్లాండ్‌లో పిప్ స్థానంలో వేరే భృతి ఉంది, దాని నియమాలు వేరు.)

ప్రశ్న: మా ఆవిడకు 51 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం). పిప్‌కి దరఖాస్తు చేస్తే రోజువారీ పనుల్లో 6 పాయింట్లు, నడకలో 4 ఇచ్చి తిరస్కరించారు. మళ్లీ పరిశీలించమని రాస్తే అదే జవాబు. ఇప్పుడు ట్రైబ్యునల్‌కి (ఇలాంటి అప్పీళ్లు వినే న్యాయస్థానానికి) అప్పీలు వేశాం. రిపోర్టులు ఒక సంచెడు ఉన్నాయి. అన్నీ పంపాలా? (లెస్టర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: సంచెడు పంపకండి. జబ్బు ఉందా లేదా అన్నది ట్రైబ్యునల్ ముందున్న తగాదా కాదు. ఆమెకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉందని డీడబ్ల్యూపీ (పిప్ ఇచ్చే ప్రభుత్వ శాఖ) ఎప్పుడో ఒప్పుకుంది. ఆ జబ్బు వల్ల ఏ పని ఎంతవరకు చేయలేకపోతున్నారన్నదే తేలాలి. రక్తపరీక్షలు ఇరవై పెట్టినా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు.

ముందు తిరస్కరణ ఉత్తరం తీసి లెక్క చూడండి. రోజువారీ పనులు పది, కదలికకు సంబంధించినవి రెండు. ఒక్కో విభాగంలో 8 వస్తే సాధారణ భృతి, 12 వస్తే పెద్ద భృతి. ఒక పనిలో ఎన్ని ఇబ్బందులున్నా వర్తించేవాటిలో ఎక్కువ పాయింట్లున్న అంశం ఒక్కటే లెక్కకొస్తుంది. వంట, స్నానం, బట్టలు మూడింటికీ ‘పరికరం వాడితే చేయగలరు’ అని రెండేసి ఇచ్చి 6 చేసినట్టున్నారు. వంటలో మరో మనిషి చేతిసాయం కావాలని నిరూపిస్తే దానికి 2 బదులు 4 వస్తాయి, మొత్తం 8 అవుతుంది. స్నానంలో టబ్‌లోకి దిగడానికి, బయటికి రావడానికి మనిషి పట్టుకోవాల్సి వస్తే 3. కాబట్టి మీ బలమంతా ఈ రెండు పనుల మీద, నడక మీద పెట్టండి. పది పనులకూ కొంచెం కొంచెం రాస్తే ఏదీ గట్టిగా నిలబడదు.

వంట అన్నప్పుడు చట్టం చూసేది ఒక మనిషికి సరిపడే ఒక్క పూట భోజనం, తాజా సరుకులతో, నడుము ఎత్తులో ఉన్న పొయ్యి మీద. ‘వంట చేసుకుంటారా?’ అంటే మన ఆడవాళ్లు ‘ఆ, చేస్తాను’ అనేస్తారు. రైస్ కుక్కర్ మీట నొక్కడం, మైక్రోవేవ్‌లో నిన్నటి పప్పు వేడిచేయడం కూడా వాళ్ల దృష్టిలో వంటే. ఉల్లిపాయ తొక్క తీసిందెవరు, కూర తరిగిందెవరు, వేడి గిన్నె దించిందెవరు అని విడగొట్టి రాయండి. పని చేయగలరని అనాలంటే క్షేమంగా, సరిగ్గా, కావలసినన్నిసార్లు, ఆరోగ్యవంతులకు పట్టే సమయానికి రెట్టింపు మించకుండా చేయగలగాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా చేయలేనట్టే లెక్క. మొత్తం నియమాల్లో దరఖాస్తుదారుకి ఇంత పనికొచ్చేది మరొకటి లేదు, ఎక్కువమంది వాడుకోనిదీ ఇదే.

ఇంకో మెలిక తేదీది. డీడబ్ల్యూపీ మొదటి నిర్ణయం తీసుకున్న రోజు నాటికి ఆమె పరిస్థితి ఎలా ఉందో అంతవరకే ట్రైబ్యునల్ చూస్తుంది. ఆ తర్వాత ముదిరినది లెక్కలోకి రాదు, దానికి కొత్త దరఖాస్తే దారి. ఇవాళ రాయించిన ఉత్తరమైనా పనికొస్తుంది, కానీ అందులో ‘ఫలానా నెలలో కూడా ఇలాగే ఉండేది’ అన్న వాక్యం ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేక మంచి ఉత్తరాలు పక్కన పడిపోతుంటాయి.

ఇక ఏం సేకరించాలి? రుమటాలజీ (కీళ్ల జబ్బుల) క్లినిక్ మీ జీపీకి, అంటే మీ కుటుంబ డాక్టరుకి, రాసిన ఉత్తరాలు, ముఖ్యంగా నిర్ణయం తేదీకి అటూ ఇటూ ఉన్నవి. ఉదయం కీళ్లు ఎంతసేపు బిగుసుకుంటున్నాయి, ఎన్ని కీళ్లు వాచాయి, మందు ఎందుకు మార్చారు అన్నవి వాటిలో ఉంటాయి. రోజూ వాడే మందుల రిపీట్ జాబితా ఒక పేజీ. కౌన్సిల్ ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు ఎలా చేసుకుంటున్నారో చూసే నిపుణురాలు) ఇంటికొచ్చి చూసి ఉంటే ఆ రిపోర్టు అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే ఆ థెరపిస్టు మీ స్నానాలగదిలో నిలబడి చూసి రాసింది.

జీపీ దగ్గరికి ‘ఒక సపోర్ట్ లెటర్ ఇవ్వండి’ అంటూ వెళ్తే రెండు వాక్యాలు రాసి ఫీజు తీసుకుంటారు. ప్రశ్నలు మీరే రాసివ్వండి: కత్తి పట్టుకునే పట్టు ఎంత ఉంది? టబ్ అంచు దాటేటప్పుడు పడే ప్రమాదం ఉందా? ఎన్ని మీటర్లు నడిచాక ఆగాల్సి వస్తుంది? ఫలానా తేదీ నాటికి ఇదే పరిస్థితా? ఫీజు ఇష్టం లేకపోతే మీ వైద్య రికార్డు కాపీ అడగండి. అది ఉచితం, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. పంపేముందు మీరు చదవండి. ‘బాగానే ఉన్నారు’ అన్న మాట ఎక్కడో ఉంటుంది, డాక్టర్ సభ్యులు దాన్నే అడుగుతారు. అది కొత్త మందు పడిందా లేదా అన్న సందర్భంలో రాసిందైతే ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

వీటితోపాటు రెండు వారాల డైరీ. రాయాల్సిన పద్ధతి ఇది: ‘మంగళవారం. లేచాక గంటన్నర వేళ్లు ముడవలేకపోయాను. వంకాయ తరగబోతే కత్తి జారింది, ఆయన తరిగారు. గిన్నె దించింది అబ్బాయి. స్నానానికి టబ్‌లో దిగేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకున్నారు. బడి గేటు దాకా వెళ్లడానికి దారిలో రెండుసార్లు ఆగాను.’ ‘చాలా నొప్పిగా ఉంది’ అన్న వాక్యం రోజూ రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బాగున్న రోజులు కూడా రాయండి. ఏడాదిలో సగానికి పైగా రోజులు ఇబ్బంది ఉంటే ఆ అంశం వర్తిస్తుంది, అన్ని రోజులూ అక్కర్లేదు. పద్నాలుగు రోజులూ ఒకేలా ఉన్న డైరీని ప్యానెల్ నమ్మదు.

డీడబ్ల్యూపీ తన వైపు కాగితాలన్నీ పేజీ నంబర్లు వేసి కట్టగా మీకూ పంపుతుంది. అందులో అసెసర్ (డీడబ్ల్యూపీ తరఫున ఆమెను పరీక్షించినవారు) రిపోర్టు పెన్సిల్ పట్టుకుని చదవండి. ‘కారు నడుపుతారు కాబట్టి పట్టు బాగుంది’ అన్న తరహా ఊహలు దొరుకుతాయి. అసెసర్ అబద్ధాలకోరు అని రాస్తే మీకే నష్టం. ‘ఈ పేజీలో కారు అన్నారు, అది ఆటోమేటిక్, వారానికి ఒకసారి, పది నిమిషాలు’ అని వాస్తవం రాయండి. చివరికి రెండు పేజీల పట్టిక చాలు: పని, ఇచ్చిన పాయింట్లు, రావలసినవి, ఎందుకు, ఏ పేజీలో ఆధారం. కట్టలో ఇప్పటికే ఉన్న కాగితం మళ్లీ పంపవద్దు. ప్రతి పేజీ మీద అప్పీలు నంబరు వేసి, విచారణకు కనీసం రెండు వారాల ముందు చేరేలా చూడండి. ఆ రోజు చేతిలో కొత్త కాగితాలు పట్టుకెళ్తే వాయిదా పడే ప్రమాదం ఉంది.

ఒక సంగతి. మీకు ఇప్పుడు ఏమీ రావడం లేదు కాబట్టి పోయేదేమీ లేదు. సాధారణ భృతి వస్తూ పెద్దది కావాలని అప్పీలు వేసేవారు మాత్రం జాగ్రత్త, ట్రైబ్యునల్ ఉన్నది తగ్గించనూ వచ్చు.

ప్రశ్న: అమ్మకు వైద్యం కొంత గుంటూరులో, కొంత ఇక్కడ జరిగింది. అక్కడి కాగితాలు చెల్లుతాయా? (స్లౌ నుంచి)

జవాబు: చెల్లుతాయి. డిశ్చార్జ్ సమ్మరీ ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటుంది. చిక్కంతా చేతిరాత చీటీలతో, బ్రాండు పేర్లతో. ఫోలిట్రాక్స్ అంటే ఇక్కడి డాక్టరుకు తెలియకపోవచ్చు. పక్కన మెథోట్రెక్సేట్ అని అసలు మందు పేరు, మోతాదు రాసి జతచేయండి. తెలుగులో ఉన్న కాగితమైతే అనువాదం, అనువదించినవారి పేరు, సంతకం, తేదీ ఉండాలి. ఇండియా ప్రయాణం గురించి కూడా తప్పక అడుగుతారు. వీల్‌చెయిర్ సాయం బుక్ చేసిన కాగితం మంచిదే కానీ, భాష రాని పెద్దవాళ్ల కోసం కూడా మనవాళ్లు అది బుక్ చేస్తుంటారు. అదొక్కటే చూపి ఊరుకోకండి, విమానంలో లేవడానికి, బాత్రూముకి వెళ్లడానికి ఎవరు సాయం చేశారో చెప్పండి.

ప్రశ్న: నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. పిప్ అడగవచ్చా? (రీడింగ్ నుంచి)

జవాబు: వీసాలో ‘ప్రభుత్వ నిధులు పొందరాదు’ అన్న షరతు ఉంటే అడగవద్దు. పిప్ ఆ నిధుల్లో ఒకటి, అడిగితే వీసాకే ముప్పు.

ప్రశ్న: విచారణకు నేను వెళ్లి అమ్మ తరఫున ఇంగ్లీషులో చెప్పనా? (ఈస్ట్ హామ్ నుంచి)

జవాబు: దుబాసీగా మీరు పనికిరారు. తెలుగు దుబాసీని ట్రైబ్యునలే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది, అప్పీలు ఫారంలోనే అడగాలి. అప్పుడు మరిచిపోతే ఇప్పుడే ఉత్తరం రాయండి. మీరు సాక్షిగా వెళ్లండి. రోజూ సాయం చేసేది మీరే అయితే ఆ సాక్ష్యానికి బరువుంటుంది. కాగితాల మీదే తేల్చమని కోరకండి, మనిషిని చూసి అడిగితేనే చాలా విషయాలు బయటికొస్తాయి.

ఎదురుగా ముగ్గురుంటారు: ఒక జడ్జి, ఒక డాక్టరు, వైకల్యం గురించి తెలిసిన ఒక సభ్యుడు. కొత్త మనుషుల ముందు కష్టం చెప్పుకోవడం మన పెద్దవాళ్లకు నామోషీ. ‘ఎలా ఉన్నారమ్మా?’ అంటే ‘పర్లేదండీ’ అంటారు, అదే రికార్డవుతుంది. స్నానం, మరుగుదొడ్డి, లోపలి బట్టలు అన్నీ అడుగుతారని ముందురోజే చెప్పి, కొడుకు ముందు చెప్పడానికి ఇబ్బందైతే ఆ కాసేపు మీరు బయట కూర్చోండి. చీర మానేసి నైటీ కట్టింది కుచ్చిళ్లు పట్టలేకేనని, చెప్పులు మార్చింది వంగి పట్టీ పెట్టుకోలేకేనని ఆమే చెప్పాలి.

ఫలితం ఆ రోజే చెప్పవచ్చు, పోస్టులోనూ రావచ్చు. ఓడితే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వమని నెలలోపు అడగాలి. పై ట్రైబ్యునల్‌కు వెళ్లాలంటే ముందు అవి చేతికి రావాలి.