నర్సింగ్ మొదటి ఏడాదిలోనే తడబడితే ఇంటికి తెచ్చుకోవాలా?

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. మా బిడ్డ ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు హన్మకొండలో బీఎస్సీ నర్సింగ్ రెండో సెమిస్టర్. మొదటి సెమిస్టర్‌లో అనాటమీ-ఫిజియాలజీ పోయింది. వార్డులో పుండుకు డ్రెస్సింగ్ చేస్తుంటే చూసి కళ్లు తిరిగి పడిపోయింది. ట్యూటర్ అందరి ముందూ కోప్పడిందట. రోజూ ఫోన్‌లో ఏడుస్తున్నది. కొన్నాళ్లు ఇంటికి తెచ్చుకోమంటారా, మొత్తానికే మాన్పించమంటారా?

జవాబు: ఆదివారం తీసుకొచ్చి, కడుపునిండా పెట్టి, సోమవారం పొద్దున బస్సెక్కించండి. పదిహేను, ఇరవై రోజులు మాత్రం ఉంచుకోకండి. పరీక్షకు కూర్చోవాలంటే థియరీలో 80 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. డిగ్రీ చేతికొచ్చేలోపు ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. ఇప్పుడు పోయింది ఒక్క పేపర్. ఇంట్లో ఉంచుకుంటే హాజరు కూడా పోతుంది.

ఆ ఒక్క పేపర్ వల్ల తరగతులు ఆగవు. పైసెమిస్టర్లు చదువుతూనే దాన్ని మళ్లీ రాసుకోవచ్చు. అయితే ఐదో సెమిస్టర్ పరీక్ష రాసేలోపు వెనకవన్నీ పాసై ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. అందుకే వచ్చే అవకాశంలోనే రాయించండి.

ఎక్కడ దెబ్బతిన్నదో ముందు తనతోనే నెమ్మదిగా మాట్లాడి తెలుసుకోండి. ప్రశ్నే అర్థం కాలేదా, జవాబు తెలిసీ ఇంగ్లిష్‌లో రాయలేకపోయిందా, టైం చాలలేదా? 75 మార్కుల ఆ పేపర్‌లో అనాటమీకి (శరీర నిర్మాణం) 37, ఫిజియాలజీకి (శరీరం పనిచేసే తీరు) 38. చాలామంది మొదటి భాగం దగ్గరే టైమంతా పెట్టేసి రెండోది హడావుడిగా ముగిస్తారు. తెలుగు మీడియం పిల్లల్లో ఇంకో ఇబ్బంది ఎక్కువ. గైడు బట్టీ పడతారు, మధ్యలో ఒక వాక్యం మరిచిపోతే తర్వాతిదేదీ గుర్తురాదు.

దానికి విరుగుడు, బొమ్మతో మొదలుపెట్టడం. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నని గొట్టం, నెఫ్రాన్‌నే తీసుకోండి. పుస్తకం మూసి బొమ్మ గీయాలి, భాగాల పేర్లు స్పెల్లింగ్ తప్పకుండా ఇంగ్లిష్‌లో రాయాలి. తర్వాత ఒక్కో భాగానికి ఒక్కో చిన్న ఇంగ్లిష్ వాక్యం: గ్లోమెరులస్‌లో రక్తం వడపోత, ప్రాక్సిమల్ ట్యూబ్యూల్‌లో గ్లూకోజ్, ఎక్కువ భాగం నీరు తిరిగి రక్తంలోకి, కలెక్టింగ్ డక్ట్‌లో ఏడీహెచ్ హార్మోన్ నీటిని అదుపు చేయడం. వాక్యాలు ఆమె సొంతంగా కూర్చుకున్నవై ఉండాలి. బొమ్మ అనాటమీకీ, వాక్యాలు ఫిజియాలజీకీ పనికొస్తాయి. రోజుకొకటి, ఇరవై నిమిషాలు. వారానికోసారి ట్యూటర్‌కు చూపించి దిద్దించుకోవాలి.

కళ్లు తిరగడం పిరికితనం కాదు, నర్సింగ్‌కు పనికిరాదనడానికి గుర్తూ కాదు. రక్తం, పుండు చూసినప్పుడు కొందరికి బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోతాయి. ఖాళీ కడుపుతో చాలాసేపు కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి అది ఇంకా త్వరగా వస్తుంది. డ్యూటీకి ముందు టిఫిన్ తినాలి, నీళ్లు తాగాలి. డ్రెస్సింగ్ మొదలవుతుండగానే చేతులు, తొడలు, పొట్ట కండరాలు 10-15 సెకన్లు గట్టిగా బిగించి, 20-30 సెకన్లు వదలాలి. అలా ఐదుసార్లు. దీంతో బీపీ పడిపోకుండా నిలుస్తుంది. అప్పటికే చెమటలు పట్టి చూపు మసకబారితే మంచానికి దూరంగా జరిగి కూర్చోవాలి లేదా పడుకోవాలి. పనిలోపనిగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 12 కంటే తక్కువుంటే రక్తహీనతే, డాక్టర్‌కు చూపించాలి.

ట్యూటర్ సంగతికొస్తే, ఫోన్‌లో గొడవ పెట్టుకోకుండా కాలేజీకి వెళ్లి క్లాస్ కోఆర్డినేటర్‌ను కలవండి. రెండే అడగండి: ఏ పనైనా ముందు స్కిల్ ల్యాబ్‌లో మనిషి బొమ్మ మీద చేయించి, తర్వాత వార్డులో పక్కనుండి చేయించమని, తప్పు దిద్దేటప్పుడు రోగి ముందు కాకుండా పక్కకు పిలిచి, ఏ మెట్టులో తప్పిందో చెప్పమని. రోగికి హాని జరిగేలా ఉంటే అక్కడే ఆపాలి, అందులో రాజీ లేదు. కానీ 'నువ్వు పనికిరావు' అన్న మాట ఏ నైపుణ్యమూ నేర్పదు. పైగా తిట్లకు భయపడ్డ పిల్ల తన తప్పును దాస్తుంది. రోగికి వాడిన సూది తనకు గుచ్చుకున్నదీ దాస్తుంది. గుచ్చుకుంటే వెంటనే సబ్బు, పారే నీటితో కడుక్కుని చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తాయి, 72 గంటలు దాటకూడదు. దయగా నేర్పాలనేది అందుకే. ఈ మాట ట్యూటర్లు కూడా చదవాలని కోరిక.

మీరు ఫోన్ చేసినప్పుడు 'చదువుతున్నవా లేదా' అనకండి. 'ఇయ్యాల వార్డుల ఏం చేసినవ్ బిడ్డా?' అని అడగండి. చెప్పనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. నిద్ర, తిండి మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ఆలస్యం వద్దు. వెంటనే హాస్టల్‌కు వెళ్లి ఒంటరిగా వదలకుండా ఉండండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు కాల్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది. అలాంటప్పుడు హాజరు లెక్క చూడకండి.

మాన్పించడం గురించి రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చాకే మాట్లాడుకోండి. అప్పటికి ఇవన్నీ చేసి చూసి కూడా రోగి దగ్గర పని వద్దనే అంటే, బలవంతం చేయకండి. ల్యాబ్ టెక్నాలజీ, రేడియోగ్రఫీ లాంటి కోర్సులున్నాయి. అయితే అవి కొత్త అడ్మిషన్‌తో మొదటినుంచి చదవాలి. కట్టిన ఫీజు, సర్టిఫికెట్లు తిరిగివ్వడంపై కాలేజీ నియమాలేమిటో ముందే రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం పెట్టండి.