మందులు ఆపకండి, ముందు టీబీ పరీక్ష చేయించండి

హెచ్‌ఐవీ ఉన్న మీ తమ్ముడికి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 85 ఉందని, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులు) మొదలుపెట్టిన మూడో వారంలో జ్వరం, మెడ దగ్గర గడ్డలు వచ్చాయని, మందులు పడటం లేదేమో ఆపేద్దామా అని అడిగారు కదా. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. సీడీ4 ఇంత తక్కువ ఉన్నప్పుడు ఒంట్లో నక్కి ఉన్న టీబీ లాంటివి, మందులతో రోగనిరోధక శక్తి కాస్త కోలుకోగానే ఒక్కసారిగా బయటపడొచ్చు, దీన్నే డాక్టర్లు ఐరిస్ అంటారు. అంటే మందు పనిచేయడం లేదని కాదండి. రేపే వెళ్లి కళ్లె పరీక్ష, గడ్డలోంచి సూదితో నమూనా తీసే పరీక్ష చేయించండి. టీబీ అని తేలి రిఫాంపిసిన్ అనే టీబీ మందు మొదలుపెడితే అది డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ప్రభావాన్ని తగ్గించేస్తుంది, అందుకే డోలుటెగ్రావిర్ 50 మి.గ్రా. బిళ్ల రోజుకు రెండుసార్లు ఇస్తారు, కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకి తప్పక చూపించండి.

ఇంకోటి, కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయోటిక్ బిళ్ల రోజూ వేసుకుంటున్నాడా? న్యుమోసిస్టిస్ న్యుమోనియా అనే ఊపిరితిత్తుల జబ్బు రాకుండా కాపాడేది అదే. సీడీ4 100 లోపు ఉంది కాబట్టి క్రిప్టోకాకల్ యాంటిజెన్ రక్తపరీక్ష (మెదడుకు సోకే ఒక ఫంగస్ జాడ చూసేది) కూడా అడగండి. రోజులు గడిచినా తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.