ఊళ్ళో ఫ్లాట్ అద్దెకు తీసుకునే ముందు: పెద్దమ్మ ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అల్లుడికి ఇక్కడ ఇంగ్లండ్‌లో, హార్వెల్‌లో ఉద్యోగం ఖాయమైందని, డిడ్‌కాట్ టౌన్‌లో కాకుండా బ్లూబరీ, ఈస్ట్ హాగ్‌బర్న్ లాంటి ఊళ్ళో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ చూసుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆ గుట్టల కింద ఉన్న ఊళ్ళు నిజంగా బాగుంటాయి. పిల్లవాడు ఆడుకోవడానికి చోటుంటుంది, రాత్రి పూట నిద్రకి ఏ ఇబ్బందీ ఉండదు. కానీ పట్నంలో అయితే ఒక ఇల్లు కాకపోతే పక్కవీధిలో ఇంకోటి దొరుకుతుంది. ఊళ్ళో అద్దెకిచ్చే ఫ్లాట్లే తక్కువ. ఇది పోతే మళ్ళీ దొరకదేమోనన్న తొందరలో, ఏజెంటును గుచ్చి గుచ్చి అడగడానికి మొహమాటపడి, సంతకం పెట్టేస్తారేమోనని నా బెంగ. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందుగా ఒక్కమాట. ఇండియాలో కూర్చుని ఫొటోలు చూసి డబ్బు కట్టొద్దు. అల్లుడు ముందు వచ్చి కొన్ని వారాలు డిడ్‌కాట్‌లో ఎక్కడైనా ఒక గదిలో ఉండి, ఫ్లాట్లు స్వయంగా చూడాలి. రైట్‌మూవ్, జూప్లా, ఓపెన్‌రెంట్ అనే ఇళ్ళ వెబ్‌సైట్లలో ఎన్నో కనిపిస్తాయి. అందులో మోసాలూ ఉంటాయి. ఓనరు విదేశంలో ఉన్నాడు, తాళాలు పోస్టులో పంపిస్తాడు అంటే అక్కడితో ఆపేయండి. అనుమానం వస్తే ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కట్టి, ఆ ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉందో చూసుకోవచ్చు.

ఫ్లాట్‌లో అడుగుపెట్టగానే అడగాల్సింది హీటింగ్ సంగతి. లండన్‌లో ఉన్నవాళ్ళు గ్యాస్ బాయిలర్ ఉంటుందిలే అని అడగనే అడగరు. ఊళ్ళలో చాలా చోట్ల గ్యాస్ పైపు రాదు. ఒకచోట ఆయిల్ ట్యాంకు, ఒకచోట ఎల్‌పీజీ, ఫ్లాట్లలో అయితే ఎక్కువగా గోడకి ఆనించి పెట్టిన బరువైన స్టోరేజ్ హీటర్లు. ఇవి రాత్రి కరెంటు చవకగా ఉన్నప్పుడు వేడెక్కి, పగలంతా ఆ వేడిని మెల్లగా వదులుతాయి. పాతవాటికి పైన రెండు నాబ్‌లు ఉంటాయి. ఒకటి రాత్రి ఎంత వేడి పట్టాలో చెప్పేది, రెండోది పగలు ఎంత వదలాలో చెప్పేది. రెండోది పొద్దున్నే ఎక్కువ చేసి పెడితే సాయంత్రానికి హీటరు చల్లబడిపోతుంది, పిల్లవాడు బడినుంచి వచ్చే సరికి ఇల్లు మంచులా ఉంటుంది. ఎకానమీ 7 అనే ఆ కరెంటు ప్లాన్‌లో రాత్రి పూట ఏడు గంటలసేపు మాత్రమే చవక, పగటి రేటు మామూలు కన్నా ఎక్కువ. మన వంటంతా పగలూ సాయంత్రమే కదా. అందుకని ఏజెంటును "కిందటి చలికాలం నెలకి ఎంత బిల్లు వచ్చింది?" అని సూటిగా అడగాలి. తెలియదంటే పాత టెనెంట్‌నే అడగమనాలి. గ్యాస్, కరెంటు రేట్లకి ఆఫ్‌జెమ్ అనే నియంత్రణ సంస్థ పెట్టే ప్రైస్ క్యాప్, అంటే గరిష్ఠ ధర పరిమితి, ఆయిల్, ఎల్‌పీజీలకి వర్తించదు. ఆయిల్ మామూలుగా కనీసం 500 లీటర్లు ఒకేసారి పోయించుకోవాలి, ఆ డబ్బు ముందే చేతిలో ఉండాలి.

ఈపీసీ అనే కాగితం కూడా చూడండి. ఇంట్లో వేడి ఎంత నిలుస్తుందో ఏ నుంచి జీ దాకా గ్రేడులిస్తారు. అద్దెకివ్వాలంటే సాధారణంగా కనీసం "ఈ" గ్రేడు ఉండాలి. "సీ" వస్తే మంచిది. పాత మిల్లునో బడినో ఫ్లాట్లుగా మార్చినవి చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటాయి. కానీ అది లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే పాత చారిత్రక కట్టడం అయితే ఓనరు తనంతట తాను కిటికీలు కూడా మార్చలేడు. ఒంటి అద్దాల కిటికీ పక్కన చలికాలంలో పిల్లవాడి మంచం వేయలేవు. నన్నడిగితే ముచ్చట పక్కన పెట్టి, మామూలుగా కనిపించే కొత్త కట్టడమే తీసుకోమంటాను.

ఇక చెమ్మ. ఈ దేశంలో అద్దె ఇళ్ళలో వచ్చే బాధల్లో సగం దీనివల్లే. పడకగదిలో బయటి గోడకి ఆనించి ఉన్న బీరువాని కొంచెం జరిపి వెనక చూడండి. వాళ్ళేమైనా అనుకుంటారని ఆగొద్దు. గదంతా పాత రంగు ఉండి ఒక్క మూల మాత్రమే కొత్తగా రంగు వేసి ఉంటే అక్కడ నల్ల బూజు కప్పేశారని అనుమానించాలి. బాత్‌రూమ్ ఫ్యాన్ వేసి ఒక టిష్యూ కాగితం దానికి ఆనించండి. అది అతుక్కుంటే ఫ్యాన్ లాగుతున్నట్టు, కిందపడితే ఫ్యాన్ చప్పుడు చేస్తోంది అంతే. వంటగదిలో హుడ్ గాలిని బయటికి పంపుతుందా, లేక ఫిల్టర్ గుండా మళ్ళీ గదిలోకే వదులుతుందా అని అడగండి. మన తాలింపులో ఎండుమిరపకాయ వేగితే ఈ రెండోరకం హుడ్‌తో ఏ ప్రయోజనమూ లేదు, స్మోక్ అలారం మోగుతుంది. రోజూ అన్నం, చారు, ఇడ్లీ ఆవిరి, దానికి తోడు రేడియేటర్ల మీద ఆరేసిన బట్టలు. ఆ తేమంతా చల్లటి గోడ మీదే చేరుతుంది. చేరాక ఓనరు తప్పంతా మీ వంటదే అంటాడు. దిగిన మొదటి రోజునుంచీ వండేటప్పుడు కిటికీ కాస్త తెరిచి పెట్టుకో.

డబ్బు లెక్క చెప్తాను, గుర్తుపెట్టుకో. అద్దె నెలకి 1,100 పౌండ్లు అనుకో. పన్నెండుతో హెచ్చవేసి 52తో భాగిస్తే వారానికి 253.84 వస్తుంది. ఫ్లాట్ మీకోసం ఆపి ఉంచడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఆ ఒక్క వారం అద్దె దాటకూడదు. అసలు డిపాజిట్ ఐదు వారాల అద్దె, అంటే 1,269 పౌండ్లు దాటకూడదు. 2019 టెనెంట్ ఫీజ్ చట్టం ఇది. రెఫరెన్సులకి ఇంత, అగ్రిమెంట్ రాసినందుకు ఇంత అని అడగడం ఆ చట్టంతోనే పోయింది. ఖాళీ చేసేటప్పుడు ఫలానా క్లీనింగ్ కంపెనీకే డబ్బులిచ్చి శుభ్రం చేయించాలనీ అడగలేరు. దిగినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు.

మనవాళ్ళు ఇదివరకు చేసే పని ఒకటుంది. ఇక్కడ క్రెడిట్ హిస్టరీ లేదు కాబట్టి ఆరునెలల అద్దె ముందే కట్టేస్తామని చెప్పి ఇల్లు సంపాదించేవాళ్ళు. 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి అది కుదరదు. అగ్రిమెంట్ మీద సంతకం అయ్యాక ఒక్క నెల అద్దె మాత్రమే ముందుగా అడగొచ్చు. ప్రకటనలో వేసిన అద్దె కన్నా ఎక్కువిస్తామంటే ఓనరు ఒప్పుకోవడం కూడా చట్టవిరుద్ధమే. మీరు వేలంపాటలో పాట పెంచినట్టు పోటీపడక్కర్లేదు. మరి నమ్మకం ఎలా కలిగించాలి? అల్లుడి ఉద్యోగం కాంట్రాక్టు, కంపెనీ లెటరు చూపించండి. చాలామంది ఏజెంట్లు నెల అద్దెకి ముప్పై రెట్లు సంవత్సరం జీతం ఉందా అని చూస్తారు. 1,100కి 33,000 పౌండ్లు. గ్యారంటర్ కావాలంటే పెద్దనాన్న సంతకం పెడతారు, మేం మాట్లాడుకున్నాం. మీరు కట్టలేకపోతే మేం కట్టాలన్నమాట. అది తెలిసే చెప్తున్నాం, అడగడానికి సందేహించకు.

అదే చట్టంతో ఆరునెలలు, ఏడాది అని గడువు పెట్టి రాసే అగ్రిమెంట్లు పోయాయి. కారణం చెప్పకుండా ఖాళీ చేయమనే సెక్షన్ 21 నోటీసూ పోయింది. మీరు వెళ్ళిపోవాలంటే రెండు నెలల నోటీసు ఇస్తే సరిపోతుంది. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వననడం కుదరదు. ఇవన్నీ తెలిసిన మనిషిలా మాట్లాడితే ఏజెంటు కూడా జాగ్రత్తగా మాట్లాడతాడు.

ఇంకో సంగతి. అగ్రిమెంట్‌లో నీ పేరు కూడా ఉండాలి. అల్లుడి పేరు ఒక్కటీ చాలదు. ఇక్కడ ఇల్లు అద్దెకి తీసుకునే హక్కు మీకుందో లేదో చూసే రైట్ టు రెంట్ పరిశీలనకి మీ ఇద్దరి ఈవీసా షేర్ కోడ్‌లూ (ఆన్‌లైన్‌లో మీ వీసా చూపించే కోడ్‌లు) ఎలాగూ ఇవ్వాలి. కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇక్కడి ఇంటి పన్ను, ఆ బిల్లు మీద నీ పేరుంటే బ్యాంకు ఖాతాకి, ఇంకా ఎన్నో పనులకి అడ్రస్ ప్రూఫ్ దొరుకుతుంది. అల్లుడు ఒక్కడే ఉన్నన్ని రోజులు కౌన్సిల్ ట్యాక్స్‌లో 25 శాతం తగ్గింపు అడగొచ్చు, నువ్వు వచ్చాక చెప్పి మార్పించాలి. కానీ జీతం తక్కువవాళ్ళకిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ వేరే. మీ వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయం) కుదరదని ఉంటే దానికి అప్లై చేయకూడదు.

నీ గురించి ఆలోచిస్తే నాకు ఇల్లు కన్నా బస్సు గురించే ఎక్కువ టెన్షన్. అల్లుడు కారేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోతాడు. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఊళ్ళో ఒక కొట్టు, ఒక పబ్, ఒక చర్చి. డిడ్‌కాట్ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి, ఆదివారం బస్సు ఉందా లేదా అని టైమ్‌టేబుల్ చూసుకోవాలి. వీలైతే సంతకానికి ముందే ఒక మామూలు రోజు సాయంత్రం ఆ బస్సెక్కి ఊళ్ళో దిగి, చీకట్లో ఫ్లాట్ దాకా నడిచి చూడమని అల్లుడికి చెప్పు. వీధి దీపాలు లేని సందులు ఉంటాయి. నీ ఇండియా లైసెన్సు ఉంది కదా, వచ్చిన ఏడాది పాటు దాంతో ఇక్కడ నడపొచ్చు. ఆ ఏడాదిలోపే ఇక్కడి టెస్టు పాసవ్వు. వాయిదా వేయొద్దు తల్లీ. ఊళ్ళో ఉండే ఆడపిల్లకి కారు నడపడం రాకపోతే ఆ ప్రశాంతతే నెలల తరబడి ఒంటరితనం అవుతుంది. నా కళ్ళముందు అలా కుంగిపోయిన పిల్లల్ని చూశాను.

ఫ్లాట్‌లో ప్రతి గదిలోనూ ఫోన్ తీసి సిగ్నల్ చూడండి. ఇంటర్నెట్ ఎంత వేగంగా వస్తుందో ఆఫ్‌కామ్ అనే టెలికాం నియంత్రణ సంస్థ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది. పిల్లవాడి బడి సంగతి కౌంటీ కౌన్సిల్‌కి ఫోన్ చేసి అడగాలి. చిన్న తరగతుల్లో ముప్పైమందికి మించకూడదని చట్టం. ఊరి బడి నిండిపోయి ఉంటే రోజూ పక్క ఊరికి తీసుకెళ్ళాలి. డాక్టరు దగ్గర పేరు నమోదుకి ఆ ఊరు వాళ్ళ పరిధిలో ఉందో లేదో కూడా అప్పుడే కనుక్కోండి.

తాళాలు చేతికొచ్చిన రోజు సామాను విప్పకముందే మీటర్ల ఫొటోలు తీయాలి. ఇంట్లో ఏది ఎలా ఉందో రాసి ఏజెంటు ఇచ్చే జాబితాని (ఇన్వెంటరీని) గదిగదికీ తిరుగుతూ సరిచూడాలి. కార్పెట్ మీద మరక, తలుపు మీద గీత, ఓవెన్ లోపలి జిడ్డు, ఏదున్నా ఫొటోతో సహా ఈమెయిల్‌లో రాయాలి. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. డిపాజిట్‌ని ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల్లో ఒకదాంట్లో నమోదు చేయాలి. చేయకపోతే కోర్టు దానికి మూడు రెట్ల దాకా మీకు ఇప్పించగలదు. గడువు దాటగానే మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. వంటగది గట్టు తెల్ల లామినేట్ అయితే పసుపు మరక పోదు. చాపలాంటిది పరిచి దాని మీదే పోపులపెట్టె పెట్టుకో, ఆఖర్న డిపాజిట్‌లో కోత పడదు.

ఫ్లాట్ కాబట్టి కిందవాళ్ళూ పక్కవాళ్ళూ ఉంటారు. పొద్దున్న ఆరింటికి మిక్సీ వేయకు. దిగిన వారంలోనే వెళ్ళి తలుపు కొట్టి పేర్లు చెప్పి పరిచయం చేసుకోండి. చెత్త డబ్బా ఏ రంగుది ఏ వారం పెట్టాలో, ఎవరి కారు ఎక్కడ ఆపుకుంటారో వాళ్ళే చెప్తారు. ఇక్కడివాళ్ళు తమంతట తాము ముందుగా పలకరించకపోవచ్చు. అది పొగరు కాదు, ఇబ్బంది పెట్టకూడదని. విలేజ్ హాల్‌లో చిన్నపిల్లల తల్లులు కలుసుకునే రోజు ఏదో కనుక్కుని మొదటి వారమే వెళ్ళు. మన సరుకులకి ఆక్స్‌ఫర్డ్ కౌలీ రోడ్‌కో రెడింగ్‌కో వెళ్ళొచ్చు, కాబట్టి పప్పులూ పిండులూ మోసుకురావద్దు.

నచ్చిన ఫ్లాట్ల వివరాలు నాకు పంపు. శనివారం అయితే పెద్దనాన్నా నేనూ అల్లుడితో కలిసి వచ్చి చూస్తాం. పాత బీరువాలు జరపడానికి మాకు మొహమాటం లేదు. మీ అమ్మ ఇప్పటికే కుక్కర్లు సర్దుతోందట. ఇండక్షన్ పొయ్యి అయితే ఆ అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు, అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు కుక్కరే కావాలి. వంటగది ఫొటో వచ్చేదాకా సూట్‌కేసు మూయొద్దని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ